పలికిన తూకం

ఉరుకుందు రెండు చేతులతో గోతం చెవులు పట్టి కాటా పలక మధ్యకు జరిపాడు. చేతులు తీసి కాటా అంకెల తెర వైపు చూశాడు. “ముప్పై ఎనిమిదీ!” అని గొంతెత్తి పలికాడు. గుమాస్తా రాసుకున్నాడు. హమాలీ ఆ మూటను ఈడ్చుకుపోయి రాశిలో కుమ్మరించాడు. అప్పటికే ఇంకో మూట పలక మీద పడింది.

డోన్ ఊరి బయట, కర్నూలు పోయే రోడ్డు పక్కన ఉన్న వేరుశనగ మండీ అది. కార్తీకం మొదట్లో అకాల వాన పడి కల్లాల్లో ఆరబోసిన కాయ తడిసింది. ఎవరి సరుకు చూసినా చెమ్మ వాసనే. మండీలో కాటా చూపే అంకె ఒకటి, నోటితో పలికేది ఇంకొకటి. గోతం బరువు, మట్టి, తేమ అన్నీ కలిపి మూటకు ఇంతని తరుగు తీసేసి, మిగిలింది పలకాలి. ఎండిన కాయకు రెండు కిలోలు, తడిసిన కాయకు నాలుగు. రైతుకూ తెలుసు, వ్యాపారికీ తెలుసు. ఒకసారి పలికాక ఆ తూకం మళ్ళీ మారదు. మూట రాశిలో కలిసిపోయాక ఎవరైనా తూచేది ఏముంది? అందుకే తూకం వేసేవాడి నోటికి మండీలో అంత విలువ.

ఉరుకుందు ఆలూరు వైపు పల్లెవాడు. కరువు ఏడాదిలో మూటలు మోయడానికి ఈ మండీకి వచ్చాడు. బడికి పోయింది లేదు. దండె కాటా ఉన్న రోజుల్లో దాని మీది గీతలు చూసి చూసి అంకెలు నేర్చుకున్నాడు. పాత తూకందారు మంచాన పడితే ఆ చోట నిలబడ్డాడు, మళ్ళీ కదల్లేదు. దండె కాటా పోయి ఎర్ర అంకెల తెర వచ్చినా మనిషి మారలేదు. భార్య గిడ్డమ్మ పోయాక కూతురు రమణిని తనే పెంచి, మండీలోనే మూటలు మోసే చిన్న ఈరన్నకు ఇచ్చి పెళ్ళి చేశాడు.

చిన్న ఈరన్న బాక్సర్. రైల్వే క్వార్టర్ల వెనక రేకుల షెడ్డులో నేర్చుకున్నాడు. మండీ యజమాని గోపీనాథ్‌కు బాక్సింగ్ అంటే పిచ్చి. ఆ షెడ్డు నడిపేది, తిరునాళ్ళలో పోటీలు పెట్టించేది, ఎవరితో ఎవరిని దింపాలో జోడీలు కట్టేది ఆయనే. పోటీకి ముందు కుర్రవాళ్ళను తూచేది ఈ మండీ కాటా మీదే. అట్లా ఉరుకుందు ఆ పనిలోకి వచ్చాడు. అతను ఏనాడూ చేతికి గ్లవ్ తొడగలేదు. కానీ ఏళ్ళ తరబడి ఒళ్ళు తూచి తూచి, ఏ ఒళ్ళు ఎంత బరువు ఓపుతుందో అతనికి అర్థమైంది. ఇద్దరి మధ్య నాలుగు కిలోలు దాటితే జోడీ కట్టవద్దని గోపీనాథ్‌కు చెప్పింది అతనే. గోపీనాథ్ ఆ మాటకు ఒప్పుకున్నాడు.

ఆ రోజు దిగుతున్న సరుకు హాలహర్విది. లారీ తోలుకొచ్చిన బసవరాజ్ బళ్ళారిలో బాక్సింగ్ నేర్చినవాడు. పొడుగు మనిషి, మోకాళ్ళ దాకా వచ్చే చేతులు. చిన్న ఈరన్నకు జోడీ దొరక్క వెతుకుతున్న గోపీనాథ్ అతన్ని చూసి ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు.

“ఉరుకుందన్నా, మూటలు తర్వాత తూద్దువు గానీ ముందు ఈయప్పను తూయి.”

బసవరాజ్ చెప్పులు విడిచి పలక ఎక్కాడు. హమాలీలు నవ్వారు.

“ఈ మూట యా ఊరిదప్పా? కుట్లు గట్టిగా ఏసినారా?” అన్నాడు బొజ్జన్న. అతను హమాలీల మేస్త్రీ.

“మూట కాదప్పా, హాలహర్వి కోడె,” అన్నాడు ఇంకొకడు.

“అయితే పళ్ళు చూడండి.”

“పళ్ళు తర్వాత చూద్దురు, ముందు కొమ్ములు చూడండప్పా,” అని బసవరాజ్ పిడికిళ్ళు పైకెత్తాడు.

మళ్ళీ నవ్వులు. వెనక మూట మోసుకుని నిలబడ్డ హమాలీ “జరగండప్పా, మెడ ఇరుగుతాండాది” అని అరిచాడు. ఉరుకుందు తెర చూశాడు.

“అరవై నాలుగూ!”

“ఈరన్న అరవై. నీ లెక్కలోనే ఉండాది కదా?” అన్నాడు గోపీనాథ్.

“ఉండాది,” అన్నాడు ఉరుకుందు. తర్వాతి మూట పలక మీద పడింది.

సుంకులమ్మ తిరునాలకు జోడీ కుదిరింది. పోస్టర్లు వేశారు. బెంగళూరులో డబ్బు పోటీలు నడిపే ఒక మనిషి ఈ పోటీ చూడడానికి వస్తున్నాడని గోపీనాథ్ చెప్పాడు.

అంతకు రెండేళ్ళ ముందు ఈరన్న యాభై ఏడు కిలోల తరగతిలో ఆడేవాడు. పెళ్ళయ్యాక ఒళ్ళు పెరిగింది. పోటీ వచ్చిన ప్రతిసారీ అన్నం మానేసేవాడు, నీళ్ళు మానేసేవాడు, ఎండలో స్వెట్టర్ వేసుకుని పరుగెత్తేవాడు. ఒకసారి కాటా పలక మీదే కళ్ళు తిరిగి పడ్డాడు. ఉరుకుందు గోపీనాథ్ వెంటపడి అతన్ని అరవైకి ఎక్కించాడు. అది మంచి పనే అయింది. అరవైలో ఈరన్న దెబ్బ బరువెక్కింది, కాళ్ళు చురుగ్గా ఆడాయి. ఆదోనిలో ఇద్దరిని, కర్నూల్లో ఒకణ్ణి కొట్టాక, ఆ బరువులో చుట్టుపక్కల అతని ముందర నిలబడేవాడు లేకుండా పోయాడు. చిక్కు అక్కడే మొదలైంది.

తిరునాల దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం రమణి తండ్రికి, మొగుడికి క్యారియర్ తీసుకుని మండీకి వచ్చింది. ఆమెకు ఐదో నెల. క్యారియర్ కింద పెట్టి, పని కొంచెం తెరిపి ఇచ్చింది కదా అని నవ్వుతూ కాటా ఎక్కింది.

“నేనెంతుండానో చెప్పు నాయనా.”

ఉరుకుందు చూశాడు. “నలభై తొమ్మిది.”

“నిన్న ఆస్పత్రిలో సిస్టరమ్మ యాభై మూడు అనె. ఒక్క రాత్రికే నాలుగు కిలోలు యాడికి పోయినాయి?”

“ఆయమ్మ కాటా తప్పేమో మ్మా.”

రమణి పలక మీద నుంచే తెర వైపు వంగి చూసింది. “ఈడ గూడా యాభై మూడే ఉండాది! నాకు గూడా తరుగు తీస్తాండావు. నేనేమన్నా తడిసిన శెనక్కాయనా?”

హమాలీలు పకపకా నవ్వారు. “మీ నాయన కూడు తిన్నా తరుగు తీసే తింటాడు మ్మా,” అన్నాడు బొజ్జన్న.

ఉరుకుందు నవ్వలేదు. బసవరాజ్ పలక ఎక్కిన క్షణాన్ని గుర్తు చేసుకోవాలని చూశాడు. నోటితో పలికిన మాట గుర్తుంది. తెర మీది అంకె గుర్తు లేదు. ఇన్నేళ్ళలో ఏ రోజూ అతను ఆ అంకెను గుర్తు పెట్టుకోలేదు. కంటి నుంచి నోటికి వచ్చేలోపలే అది తరిగిపోతుంది. ఆ రోజు అంతా తడి సరుకే. మూట మూటకూ నాలుగు తీస్తూ ఉన్న నోరు మనిషికీ నాలుగు తీసింది. బసవరాజ్ అరవై ఎనిమిది. ఈరన్నకూ అతనికీ ఎనిమిది కిలోల తేడా.

రమణి అన్నం వడ్డిస్తుంటే ముద్ద ముట్టకుండానే లేచి ఆఫీసు గదిలోకి పోయాడు.

“అయ్యా, బసవరాజ్ తూకం నేను తప్పు పలికినా. తరుగు తీసి పలికినా.”

గోపీనాథ్ మొదట పడీ పడీ నవ్వాడు. “మనిషికి తరుగు తీసినావా?”

“అలవాటు. ఆయప్ప అరవై ఎనిమిది ఉండాడు. జోడీ మార్చాల.”

గోపీనాథ్ నవ్వు ఆగింది. “ఎవురిని తెచ్చేది? అరవైలో ఎవురుండారో నువ్వే చెప్పు. ఉండేదే ముగ్గురు. ముగ్గురినీ కొట్టినాడు. మళ్ళా వాళ్ళతోనే కట్టిస్తే చూసేకి ఎవురొస్తారు? ఛాంపియన్ అనేటోడు పైకి పోవాల ఉరుకుందన్నా. ఉన్న చోటే ఉంటే వానికీ విసుగే, జనానికీ విసుగే.”

“పోవద్దనలేదయ్యా. మెట్టు మెట్టు పోనీ.”

“యాభై ఏడు నుంచి అరవైకి ఎక్కించమని నా ప్రాణం తీసినోడివి నువ్వే కదా?”

“అప్పుడు వాని ఒళ్ళు అడిగింది. ఇప్పుడు పోస్టరు అడుగుతాండాది.”

ఉరుకుందు గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు, “తిరునాలలో ఎద్దులకు పళ్ళు చూసి, వయసు లెక్క కట్టి బండ కడ్తారు. రెండు పళ్ళ కోడెను తీసుకపోయి ఆరు పళ్ళ జత లాగే బండకు కట్టరు. కడితే ఆ యజమానిని జనం ఉమ్మేస్తారు. ఎద్దుకుండే న్యాయం మనిషికి లేదా?”

“న్యాయం గురించి చెప్తాండావా? రైతు వచ్చి, అన్నా నా మూట మళ్ళా తూయప్పా అంటే తూస్తావా నువ్వు? పలికిన తూకం పలికిందే అని వాళ్ళ మొకాన చెప్పేది నువ్వు కాదా?”

ఉరుకుందు అయినా గుమ్మం వదిలి పోలేదు.

గోపీనాథే కొంచెం మెత్తబడ్డాడు. “సరేలే. బసవరాజ్‌కు ఫోన్ చేసి మూడు నాలుగు కిలోలు దించుకోమని చెప్తా. లారీలో కూచోనుండే ఒళ్ళు, దిగుతాది. నువ్వు పోయి కూడు తిను.”

ఉరుకుందు ఆ మాట నమ్మాడు. నమ్మినా మనసు ఆగక, సాయంత్రం షెడ్డుకు పోయాడు. చిన్న ఈరన్న వేరుశనగ పొట్టు, ఇసుక కలిపి కుట్టిన గోతాన్ని దూలానికి కట్టి గుద్దుతున్నాడు. రమణి అరుగు మీద కూర్చుని ఉంది. సంగతి ఇద్దరికీ అప్పటికే తెలుసు.

“పోటీ వద్దని చెప్పెయ్ ఈరన్నా. నేను తప్పు పలికినానని పది మందిలో చెప్తా. నీ మీద మాట రాదు.”

ఈరన్న గోతాన్ని పట్టి ఆపాడు. “రాకుండా ఎట్లుంటాది మామా? మామ కాటా తిప్పి అల్లున్ని దాచిపెట్టినాడంటారు. రేపట్నుంచి నీ తూకం రైతు నమ్ముతాడా?”

“నా తూకం సంగతి నాకొదిలెయ్.”

“బెంగళూరాయప్ప వచ్చేది ఒక్కనాడే. మళ్ళా పిలిస్తే వస్తాడా? నా మెడ చూడు, ఇప్పటికే కాయలు కాసినాయి. నీ వయసొచ్చే దాకా మూటలు మోయాల్నా నేను?”

రమణి అందుకుంది. “ఎనిమిది కిలోలంటే ఎంతనుకున్నావు? అంత నీళ్ళ కడవ నెత్తిన ఎత్తేస్తే ఎట్లుంటాదో ఒక్కసారి అనుకో.”

“పక్కకు తప్పుకుంటా.”

“ఎత్తేసినప్పుడల్లానా?”

ఈరన్న నవ్వాడు. “ఎత్తేసినప్పుడల్లా తప్పుకునేదానికే కదా ఇన్నేండ్లు నేర్చుకున్నది.”

రమణి నవ్వలేదు. ఆ నవ్వు చూసి ఉరుకుందు వెనక్కి తిరిగి ఇంటి దారి పట్టాడు. పెళ్ళి మాటలప్పుడు ఈ మనిషి అతనికి నచ్చింది ఆ నవ్వు చూసే.

సుంకులమ్మ తిరునాల డోన్‌కు పడమట ఒక పల్లెలో జరుగుతుంది. పొద్దున ఎద్దుల బండలాగుడు, మధ్యాహ్నం కుస్తీలు, ఎండ వాలాక బాక్సింగ్. ఉరుకుందు మండీ కాటాను ఆటోలో వేసుకుని తెల్లారే పోయాడు. ఎవరూ అడగకపోయినా రింగు పక్కన చదునైన చోటు చూసి కాటా పెట్టాడు. తెరను తన వైపు కాకుండా జనం వైపు తిప్పాడు.

“బసవరాజప్పా, ఎక్కు.”

బసవరాజ్ ఎక్కాడు. ఎర్ర అంకెలు అందరికీ కనిపించాయి. అరవై ఎనిమిది దాటి కొసరు కూడా ఉంది. ఉరుకుందు కొసరుతో సహా పలికాడు. తర్వాత ఈరన్నను ఎక్కించి అరవై అని పలికాడు. జనంలో గుసగుస లేచింది. “మామ తూకం రాత్రికి రాత్రి పెరిగిందే!” అని ఎవరో అన్నారు. ఇంకొకడు ఈల వేశాడు.

బసవరాజ్ ఉరుకుందు దగ్గరికి వచ్చాడు. అతని ముఖంలో నవ్వు లేదు. “నాకెవురూ చెప్పల్యాప్పా. ఫోన్ ఏమీ రాల్యా. దించమంటే దించేటోణ్ణి. దుడ్ల కోసం వచ్చినా గానీ మనిషిని సంపేకి రాల్యా.”

ఉరుకుందు గోపీనాథ్ వైపు చూశాడు. గోపీనాథ్ బెంగళూరు మనిషికి కుర్చీ వేయిస్తున్నాడు. అక్కడి నుంచే మైకు తీసుకున్నాడు. “ఇద్దరూ మొగోళ్ళే. ఇద్దరికీ ఇష్టమైతేనే ఆట. ఈరన్నా, ఏమంటావప్పా?”

పది ఊళ్ళ జనం చూస్తుంటే, కోరుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఇరవై నాలుగేళ్ళవాడు ఏమంటాడు? ఈరన్న చేయి ఎత్తాడు. జనం అరుపులతో దుమ్ము లేచింది.

ఉరుకుందు ఇక కాటా మీద గోతం కప్పి, నీళ్ళ సీసా, తువ్వాలు తీసుకుని ఈరన్న మూలకు పోయాడు. ఎప్పుడూ మూలలో నిలబడేది అతనే. ఆపాలనుకుంటే తువ్వాలు రింగులోకి విసిరితే చాలు, రిఫరీ ఆట ఆపేస్తాడు.

మొదటి రౌండు ఈరన్నదే. బసవరాజ్ పొడుగు చేయి చాచేలోపల కిందుగా దూరి పక్కటెముకల మీద కొట్టి, పట్టుకోబోయేసరికి బయట ఉన్నాడు. జనం “ఈరన్నా, ఈరన్నా” అని ఊగిపోయారు. ఉరుకుందు మాత్రం కాళ్ళు చూస్తున్నాడు. తనకంటే బరువైన మనిషితో ఆడేటప్పుడు దెబ్బలు తినకపోయినా అలసట వస్తుంది. ఇద్దరూ పెనగులాడుతూ అతుక్కున్న ప్రతిసారీ బసవరాజ్ ఒళ్ళంతా ఈరన్న మెడ మీద వాలుతోంది. రిఫరీ విడదీసేలోపల ఈరన్న ఒక మూట మోసినట్టే లెక్క. అట్లాంటి మూటలు రౌండులో ఎన్నో.

రెండో రౌండు సగానికి ఈరన్న కాళ్ళు నేలకు అతుక్కోవడం మొదలైంది. బసవరాజ్ ఎడమ చేయి చాచి కొలత తీసుకున్నట్టు ముఖం మీద ఆనించి, వెనక నుంచి కుడి చేయి వేశాడు. అది ఎడమ కంటి మీద పడింది. ఇంకోటి అక్కడే పడింది. ఈరన్న పడలేదు. పడి ఉంటే బాగుండేదని ఉరుకుందు తర్వాత శానాసార్లు అనుకున్నాడు.

రౌండు ముగిశాక ఈరన్న మూలకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఎడమ కన్ను ఉబ్బి మూసుకుపోతోంది. ఉరుకుందు తడి గుడ్డతో ఒత్తుతూ, “కనిపిస్తాండాదా?” అన్నాడు.

“కనిపిస్తాండాది.”

“ఇవెన్ని?” అని వేళ్ళు చూపించాడు.

“మూడు. మామా, తువ్వాలు ముట్టుకున్నావంటే నీ గడప తొక్కను.”

వేళ్ళు మూడే. చెప్పింది సరిగ్గానే చెప్పాడు. మంచి కన్ను మూసి అడగాలని ఉరుకుందుకు ఆ గోలలో తోచలేదు. గంట మోగింది.

మూడో రౌండులో ఈరన్న కాళ్ళు చచ్చినా చేతులు ఆపలేదు. బసవరాజ్ కూడా అలిసిపోయాడు, ఒకటి రెండుసార్లు కొట్టే వీలుండీ ఊరుకున్నాడు. చివరి గంట మోగేటప్పుడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు ఆనుకుని ఉన్నారు. జడ్జీలు ముగ్గురు. ఇద్దరు ఈరన్నకు ఇచ్చారు. జనం తాళ్ళు దాటి వచ్చి అతన్ని భుజాల మీద ఎత్తుకున్నారు.

గోపీనాథ్ ఉరుకుందు వీపు తట్టాడు. “చూసినావా? నీ తరుగు నీ దగ్గరే పెట్టుకో.”

బెంగళూరు మనిషి ఈరన్న ఫోన్ నంబరు తీసుకున్నాడు. కొన్నాళ్ళకు పిలుపు కూడా వచ్చింది. అరవై మూడున్నర కిలోల పోటీ, సంక్రాంతి పోయాక. రమణి చీకటి మొహం కూడా ఆ వారం కొంచెం తేటపడింది. మండీలో హమాలీలు ఈరన్నను ఛాంపియన్ అని తప్ప పేరు పెట్టి పిలవలేదు.

ఒక పొద్దున లారీకి సరుకు ఎక్కిస్తున్నారు. నేల మీద నుంచి లారీ తొట్టికి వాలుగా వేసిన చెక్క పలక మీద నడిచి మూట మోయాలి. ఈరన్న మూట ఎత్తుకుని వచ్చాడు. ఎడమ కాలు పలక మీద కాకుండా దాని పక్కన గాలిలో పెట్టాడు. మూటతో సహా కింద పడ్డాడు. గోతం పిగిలి కాయలు నేలంతా చెల్లాచెదురయ్యాయి.

“ఏమప్పా ఛాంపియన్, పలక ఈడుంటే కాలు ఆడ పెడ్తావే?”

“బెంగళూరు పోయేటోడు కదా, గాలిలోనే నడుస్తాడు,” అన్నాడు బొజ్జన్న.

ఈరన్న లేచి మట్టి దులుపుకుంటూ నవ్వాడు. ఉరుకుందు కాటా వదిలి వచ్చాడు. ఏమీ అడగకుండా తన అరచేత్తో అల్లుడి కుడి కన్ను మూశాడు. రెండో చేయి అతని ముఖం ముందర పెట్టాడు.

“ఇవెన్ని?”

ఈరన్న ఆ చేయి ఎటుందో వెతుకుతున్నట్టు తల తిప్పాడు. నవ్వుతున్న హమాలీలు ఒక్కొక్కరే ఆగిపోయారు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“తిరునాల అయిన మూడోనాటి నుంచి. ముందు నల్లచుక్కలు తేలినాయి. మళ్ళా పక్క నుంచి తెర దిగినట్ల దిగింది. తగ్గుతాదిలే అనుకున్నా.”

“చెప్పల్యా ఏంటికి?”

“చెప్తే బెంగళూరు పోనిస్తారా?”

ఆ రోజే కర్నూలు తీసుకుపోయారు. కంటి డాక్టరమ్మ దీపం వేసి శానాసేపు చూసింది. కంటి వెనక పొర చిరిగి ఊడిపోయిందని, దెబ్బ తగిలిన వారంలోనే వచ్చి ఉంటే చూపు చాలావరకు నిలబడేదని చెప్పింది. ఆపరేషన్ చేశారు. లోపల పొర అతుక్కోవాలంటే రోగి పగలూ రాత్రీ బోర్లా పడుకుని ముఖం నేలకు పెట్టి ఉండాలి. ఈరన్న మంచం అంచున తల వేలాడేసి పడుకున్నాడు. రమణి కడుపుతో ఉండి కూడా మంచం కింద నేల మీద పడుకునేది. అట్లా అయితేనే అతనికి మనిషి ముఖం కనిపిస్తుంది. కింద నుంచే చెంచాతో సంగటి జావ తాగించేది.

“ఏమన్నా కనిపిస్తాండానా?” అని అడిగేది.

“ఒక కంటికి శానా బాగుండావు,” అనేవాడు.

కట్లు విప్పాక ఎడమ కంటికి వెలుతురు, చీకటి తెలుస్తున్నాయి, అంతే. ఇక ఆట లేదని డాక్టరమ్మ చెప్పింది. దానికి ఈరన్న సిద్ధపడే ఉన్నాడు. రెండో మాట ఎవరూ ఊహించలేదు. బరువు ఎత్తకూడదు. మూట కాదు కదా, నీళ్ళ బిందె కూడా ముక్కి ఎత్తవద్దని, ఎత్తితే పొర మళ్ళీ ఊడుతుందని, మిగిలిన వెలుతురు కూడా పోతుందని చెప్పింది. హమాలీ అల్లుడితో పాటు ఉరుకుందు ఆ మాట విన్నాడు. అల్లుడి ఎడమ పక్కన నడుస్తూ అతన్ని ఆస్పత్రి మెట్లు దింపాడు.

ఆ రాత్రి ఇంట్లో ఈరన్న ఒక్క మాట అన్నాడు. “గెల్చినా మామా. అది మాత్రం అబద్ధం కాదు.”

“కాదు,” అన్నాడు ఉరుకుందు.

మరుసటి నాడు గోపీనాథ్ దగ్గరికి పోయాడు. ఆస్పత్రికి పంపిన పండ్ల గురించి, బెంగళూరు మనిషి ఎంత బాధపడ్డాడన్న దాని గురించి గోపీనాథ్ చాలా మాట్లాడాడు. ఉరుకుందు అంతా విన్నాడు.

“బసవరాజ్‌కు ఫోన్ చేస్తానన్నావు కదయ్యా,” అన్నాడు చివరికి.

గోపీనాథ్ బల్ల మీది కాయ ఒకటి తీసుకుని వేళ్ళతో నలిపాడు. “మర్చిపోయినా. పనుల్లో పడి మర్చిపోయినా ఉరుకుందన్నా. ఇంకేం చెప్పాల?”

“ఏమీ వద్దు. ఈరన్నను కాటాకు పెట్టుకో.”

“మరి నువ్వు?”

“ఇద్దరికి పని లేదు కదా ఆడ. నేను మూట మోస్తా.”

గోపీనాథ్ తల ఎత్తాడు. “నీకు యాభై ఆరేండ్లు. మెడ పోతాది. ఊరు నన్నేమంటాది?”

“నిన్ను అడిగేకి వచ్చినోళ్ళు ఎవురూ ల్యారు. ఈ మెడ మొదట మోసింది మూటలే. మోస్తాది.”

గోపీనాథ్ బల్ల మీది పొట్టు తుడిచేసి, “సోమారం నుంచి రమ్మను,” అన్నాడు. ఉరుకుందు దండం పెట్టలేదు. బయటికి వచ్చి పనిలో పడ్డాడు.

కాటా తెర పలకకు ఎడమ వైపు ఒక ఇనుప కమ్మికి బిగించి ఉంటుంది. ఈరన్న తూకందారు చోట నిలబడితే అది అతని గుడ్డి వైపు పడుతుంది. ఆదివారం మండీ సెలవు. ఉరుకుందు స్పానర్, స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నాడు. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి ఒక్కొక్కటే విప్పాడు. కమ్మిని కుడి వైపుకు మార్చాడు. తీగ పొడుగు చాలలేదు. బజారుకు పోయి మూర తీగ తెచ్చి, కొనలు గీకి మెలివేసి టేపు చుట్టాడు. కాలికి తగలకుండా తీగను పలక కింద నుంచి లాగి మేకులు కొట్టాడు. ఈరన్నను రమ్మని నిలబెట్టి, తల తిప్పకుండా అంకె కనబడేదాకా తెరను పైకీ కిందికీ సర్దాడు.

“కనిపిస్తాండాదా?”

“ఇంకొంచెం వంచు. ఆ. చాలు.”

సోమవారం పొద్దున అల్లుణ్ణి కాటా దగ్గర నిలబెట్టాడు. మూటను తను ముట్టకుండా హమాలీ చేత పలక మధ్యకు ఎట్లా జరిపించాలో, అంకె నిలిచేదాకా ఎట్లా ఆగాలో రెండు మూటలకు చూపించాడు. మూడో మూటకు చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఈరన్న తూచాడు. అంకె నిలిచేదాకా ఆగాడు. గొంతెత్తి పలికాడు. గుమాస్తా రాసుకున్నాడు.

ఉరుకుందు తలకు గుడ్డ చుట్టుకుని హమాలీల వరుసలో చివర నిలబడ్డాడు. బొజ్జన్న, ఇంకొకడు కలిసి మూట ఎత్తి అతని మెడ మీద పెట్టారు. చెక్క పలక మీద అడుగు చూసి చూసి వేస్తూ లారీ ఎక్కాడు. మూట వేసి దిగాడు. మళ్ళీ వరుసలో నిలబడ్డాడు. ఎండ నెత్తికెక్కేసరికి చొక్కా భుజాల దగ్గర చిరిగి, మెడ చర్మం ఎర్రబడింది. మిగతావాళ్ళు కూర్చున్నప్పుడే కూర్చున్నాడు, లేచినప్పుడే లేచాడు.

పొద్దు వాలేటప్పటికి లారీ నిండింది. టార్పాలిన్ పరిచి, తాడు ఈ వైపు నుంచి ఆ వైపుకు విసిరి, కొక్కేలకు తగిలించి లాగారు. చివరి ముడి ఉరుకుందు వేశాడు. కాలు చక్రానికి తన్ని పెట్టి, తాడు బిగిసేదాకా లాగి, ముడి మీద ముడి వేసి, చేత్తో ఒకసారి గుంజి చూశాడు.

“కట్టడం అయిపోయింది. చూసుకోప్పా,” అని డ్రైవర్‌కు చెప్పాడు.

డ్రైవర్ లారీ చుట్టూ తిరిగి తాళ్ళు తట్టి చూసి, “సరిగ్గుండాది” అని ఎక్కి కూర్చున్నాడు. ఉరుకుందు వెనక్కి జరిగి దారి ఇచ్చాడు.